గుంతకల్లులో బోర్డు లేని కొట్టు: మా పాప ఫేటియా కథ

ముందే చెప్పేస్తున్నా. టైముకి బట్టలు కావాల్సినవాళ్ళు ఈ కొట్టు జోలికి పోవద్దు. మా సుగాలీల (లంబాడీల) అద్దాల లంగా ఫేటియా, దాని మీది రవిక కాంచళి మా పాపకు కుట్టమని నవంబరు మొదటి వారంలో ఇక్కడి పెద్దావిడకు అడ్వాన్సు ఇచ్చాను. సంక్రాంతికి ఇస్తానంది. సంక్రాంతికి పోతే రథసప్తమి అంది. రథసప్తమికి పోతే కాంచళికి చేతులు కూడా ఎక్కలేదు. చివరికి ఫిబ్రవరి 13 రాత్రి ఎనిమిదిన్నరకు నా చేతిలో పెట్టింది. 15న మావాళ్ళ జాతరకు సేవాగఢ్ పోవాలి. ఆ మూడు నెలలు నేను పడిన టెన్షన్‌కి ఐదు నక్షత్రాల్లో ఒకటి కోసేశాను. మిగతా నాలుగూ ఉంచాను.

కొట్టు పాత గుంతకల్లు వైపు. ఒక ఉగ్గాని బండి, దాని పక్కన సందు, సందులో మూడో ఇల్లు. బోర్డు లేదు. ముందు గదిలోనే పని. ఒక కుట్టుమిషను, దానికి ఆనించిన మనవడి సైకిలు, చాప, చాప మీద బిస్కట్ డబ్బాల్లో అద్దాలు, గవ్వలు, పూసలు. అడ్రస్ అడిగితే "యాడి ఇల్లా?" అంటారు. మా మాటలో యాడి అంటే అమ్మ. పెద్ద వయసు ఆడవాళ్ళనీ అట్లాగే పిలుస్తాం. మా జిల్లాలో ఈ మాటతో తికమక మామూలే. యాడికి అంటే ఎక్కడికి అని, యాడికి అనే ఊరూ ఉంది. మొదటిరోజు ఆటో అతను "యాడికి మ్మా?" అన్నాడు. "యాడి దగ్గరికి" అన్నాను. "యాడికి బస్సులు స్టాండులో కదా ఆగేది" అని నన్ను బస్టాండు దగ్గర దించబోయాడు.

అసలు ఈమె దాకా ఎందుకు పోవాల్సి వచ్చిందంటే, పోయిన ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవమని మా పాప బడిలో ప్రోగ్రాం పెట్టారు. ప్రైవేటు ఇంగ్లీష్ మీడియం బడి. ఏడో తరగతి మొత్తానికి ఎస్టీ పిల్ల మా పాప ఒక్కతే. "ట్రైబల్ డ్రెస్‌లో పంపండి" అని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. నేను గవర్నమెంటు బడిలో టీచర్ని, ఆ వారం నాకు ట్రైనింగ్. మా ఆయన్ని అద్దె డ్రెస్సుల షాపుకి పంపాను. అద్దె 400, డిపాజిట్ 500. తెచ్చిన కవరు విప్పితే ప్లాస్టిక్ ఆకుల లంగా, తలకు కోడి ఈకల పట్టీ, అట్టముక్కతో చేసిన బల్లెం, మొహానికి పూసుకునే నల్లరంగు డబ్బా.

మా ఆయనా సుగాలే. వాళ్ళ అమ్మ మొన్నమొన్నటిదాకా ఫేటియా కట్టిన మనిషి. "ఇదేంది?" అంటే, "ట్రైబల్ అంటే వాడి దగ్గర ఇదొక్కటే ఉంది. ఇంకోటి ఝాన్సీరాణి డ్రెస్సు" అన్నాడు. ఏం చేస్తాం. పిల్ల ఆ ఆకులు కట్టుకుని ధింసా పాటకు ఎగిరింది. ధింసా అరకు వాళ్ళది. అరకు ఎక్కడ, గుంతకల్లు ఎక్కడ. మూడో బహుమతి కూడా వచ్చింది, స్టీలు టిఫిన్ డబ్బా. రాత్రి మొహం కడుక్కుంటూ, రంగు పోక రుద్దుకుంటూ అడిగింది: "మన తండాలో అవ్వావాళ్ళు ఇట్లాగే ఉండేవాళ్ళా మా?"

మా అమ్మది ఒకటి ఇంట్లో ఉండాల్సింది. నా చిన్నప్పుడు తండాకి స్టీలు సామాన్లవాడు వచ్చేవాడు. పాత ఫేటియాలిస్తే గిన్నెలిచ్చేవాడు. మా అమ్మ తన పెళ్ళినాటిది ఇచ్చి ఒక బిందె, రెండు పళ్ళేలు తీసుకుంది. వదిలిపోయింది శని అన్నట్టు సంతోషపడింది కూడా. చీర కట్టుకుంటే బస్సులో పక్కన కూర్చుంటారు, ఫేటియా కడితే లేచి నిలబడతారు. ఆమె లెక్క ఆమెది. ఆ బిందె ఇంకా నా వంటింట్లో ఉంది. పదేళ్ళ కింద హంపి పోయినప్పుడు అక్కడ అంగట్లో పాత ఫేటియాలు కోసి కుట్టిన భుజం సంచులు వేలాడుతున్నాయి. ఒక్కోటి 1,800. ఫారిన్ వాళ్ళు కొంటున్నారు. నేను ఒక సంచి పట్టుకుని అద్దాలు లెక్కపెడుతూ నిలబడితే అంగడివాడు "కొనేదుందా మేడం?" అన్నాడు.

ఇక యాడి సంగతి. వయసు డెబ్బై దాటి ఉంటుంది. కళ్ళద్దాలకు ఒక పక్క కాడ లేదు, దారం కట్టి చెవికి చుట్టుకుంటుంది. సూదిలోకి దారం మాత్రం తనే ఎక్కిస్తుంది. మేం పోయేసరికి మధ్యాహ్నం. నేను తెలుగులో మొదలుపెట్టాను. కొలతలు, రేటు, ఎప్పటికిస్తారు అని. ఆమె తలెత్తలేదు. పాపను చూసి "బాటి ఖాదీ?" అంది. బాటి అంటే రొట్టె. అన్నం తిన్నావా అన్నట్టే.

పాప నా మొహం చూసింది. తర్వాత తెలుగులో "తినే వచ్చినాం" అంది.

"అర్థమవుతుంది దీనికి" అని యాడి నా వైపు తిరిగింది. నేను ఆశ్చర్యపోయాను. ఎందుకంటే నేనెప్పుడూ పిల్లకి మా మాట నేర్పలేదు. నేర్పలేదు అనడం కన్నా దాచిపెట్టాను అంటే నిజం. నేను చదివిన హాస్టల్లో మా మాట వినిపిస్తే గోడకుర్చీ. ఐదో తరగతికల్లా నాకు కలలు కూడా తెలుగులోనే వచ్చేవి. ఆ గోడకుర్చీ నా పిల్లకి వద్దనుకున్నాను. నేనూ మా ఆయనా పోట్లాడుకునేది, డబ్బు లెక్కలు మాట్లాడుకునేది మాత్రం మా మాటలోనే, పిల్లకి తెలియకూడదని. పన్నెండేళ్ళు ఆ పోట్లాటలు వింటూ పిల్ల మొత్తం పట్టేసింది. ఈ లెక్కన మా ఇంట్లో జరిగిన సంగతులన్నీ దానికి తెలుసు. అది వేరే టెన్షన్.

కొలతలకు ఈమె దగ్గర టేపు ఉంది కానీ ముందు అద్దాల వరస తేల్చుకోవాలంటుంది. గుడ్డ మీద గుండ్రటి అద్దాలు ఒక్కొక్కటే పెడుతూ పాపను లెక్కపెట్టమంది. "ఏక్" అంది పాప. రెండోది పెడితే "దో" అంది.

"ది" అంది యాడి.

"దో కదా. మా హిందీ మిస్సు దో అనే చెప్పింది."

"మీ మిస్సుది ఏ తండా?"

పాప నోరు మూసుకుంది. మూడుకీ నాలుగుకీ తగాదా రాలేదు, తీన్, చార్. పాప తప్పు లేదులెండి. 2011 జనాభా లెక్కల్లో లంబాడీ మా మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు 32 లక్షల పైచిలుకు ఉన్నారు. వాళ్ళందరినీ తీసుకుపోయి హిందీ కింద చేర్చారు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో 22 భాషలున్నాయి. 2003లో సంతాలీ, బోడో చేరినప్పుడు గిరిజన భాషలకూ తలుపు తెరుచుకుందని మావాళ్ళు ఆశపడ్డారు. మా మాట, గోర్ బోలి, ఇంకా బయటే ఉంది. లిపి లేదంటారు. లిపి లేకపోతే తెలుగులో రాసుకుంటాం. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో బళ్ళు మొదలుపెట్టినప్పుడు మా మాటకీ తెలుగు అక్షరాల్లోనే వాచకాలు వేశారు. ఒక ట్రైనింగ్‌లో ఆ పుస్తకం నా చేతికి వచ్చింది. బొమ్మ కింద "పాణి" అని తెలుగు అక్షరాల్లో చూసి, క్లాసు జరుగుతుంటే నేను మూడుసార్లు లోపల చదువుకున్నాను. నీళ్ళే కదా, అంత ఏముందని మీరనొచ్చు. ఒకటో తరగతిలో నా దగ్గరకొచ్చే తండా పిల్లలు నీళ్ళు కావాలని అడగలేక, గ్లాసు చూపిస్తూ నిలబడతారు. నాకు వాళ్ళ మాట వచ్చు కాబట్టి సరిపోయింది. రాని టీచరుంటే ఆ పిల్లని మొద్దు అంటారు.

సరే, కొట్టు దగ్గరికి వద్దాం. నేను తెలివిగా ఆన్‌లైన్లో ఒక నగల సెట్టు కొని వెంట తీసుకుపోయాను. 650 రూపాయలు, జర్మన్ సిల్వర్, "బంజారా కంప్లీట్ సెట్" అని ఉంది. యాడి అది విప్పి ఒక్కోటీ పక్కన పెట్టింది. మెడకు వేసుకునే హాస్లీ బాగుందంది. చెంపల పక్కన జుట్టుకు వేలాడే టోప్లీలు చేతికి తగలగానే ఆగింది. పాపను ఎగాదిగా చూసి, "దీని పెళ్ళి ఎప్పుడు చేశావు? నన్ను పిలవలేదే" అంది. అవి పెళ్ళయిన ఆడవాళ్ళు పెట్టుకునేవి. నాకు తెలుసు, నిజంగానే తెలుసు, మా అమ్మకు చూశాను. అయినా కొనేటప్పుడు గుర్తురాలేదు. పాప మాత్రం పడీపడీ నవ్వింది. టోప్లీలు ఆమె దగ్గరే ఉంచుకుంది, ఇంకెవరికైనా పనికొస్తాయని. డబ్బు తగ్గించలేదు.

కాంచళి దగ్గర పెద్ద పంచాయతీ. కాంచళికి వీపు ఉండదు, తాళ్ళతో కట్టుకోవాలి. పైన కప్పుకునే ఓణీ టుక్రీ. పాప ఒప్పుకోదు. యాడి ఒప్పుకోదు. "పైన టుక్రీ కప్పితే నీ వీపు ఎవరు చూస్తారు?" అని ఆమె, "ఎగిరేటప్పుడు టుక్రీ జారితే?" అని ఇది. అరగంట నడిచింది. నేను మధ్యలో దూరలేదు. చివరికి లోపల ఎర్ర గుడ్డ వేసి వీపు మూసేట్టు, తాళ్ళు మాత్రం పైన కనపడేట్టు తేల్చుకున్నారు. పాప సగం మాటలు తెలుగులో, సగం దాని నోటికి దొరికిన మా మాటల్లో వాదించింది. ఆడపిల్లని ఛోరి అంటారని దానికి ఆ రోజే తెలిసింది, యాడి ప్రతి వాక్యం ముందూ ఆ మాటే పెట్టి తిట్టింది కాబట్టి.

పని గురించి చెప్పాలి. మిషను వాడేది అతుకులకు మాత్రమే. మిగతా అంతా చేత్తోనే. మొదటిసారి పోయినప్పుడు ఫేటియా పైపట్టీ మీద పని చేస్తోంది. నాలుగు వేళ్ళ వెడల్పు ఉంటుంది. ముదురు నీలం గుడ్డ మీద పసుపు, తెలుపు దారాలు. అంచుల వెంట గొలుసులా పోయే కుట్టు ఒకటి. అడ్డంగా ముళ్ళలా అల్లేది ఒకటి. పువ్వులా విచ్చుకున్నది ఇంకొకటి. వేలే, రేలో, సూర్యకాంతి మకి అని కుట్ల పేర్లు చెప్పింది. ఒక అద్దం కుట్టడం నేను టైము పెట్టి చూశాను. అద్దాన్ని బొటనవేలితో నొక్కిపెట్టి, ముందు నాలుగు దారాలు అడ్డం నిలువు లాగి కట్టేస్తుంది, పశువును గుంజకు కట్టినట్టు. ఆ తర్వాత ఆ దారాలకే సూది గుచ్చుతూ చుట్టూ అల్లుకొస్తుంది. అద్దానికి రంధ్రం ఉండదు, జిగురు ఉండదు. ఒక్క అద్దానికి ఏడు నిమిషాలు పట్టింది. మా పాప ఫేటియాకి 212 అద్దాలు. నేను లెక్కపెట్టాను కాబట్టి చెబుతున్నా. లేటు ఎందుకయిందో ఇంటికొచ్చి గుణించుకుంటే కోపం కొంచెం తగ్గింది. పూర్తిగా కాదు. నవంబర్లోనే చెప్పొచ్చు కదా ఫిబ్రవరి అని.

ఈ పని ఆమెకు పుట్టింటి నుంచి వచ్చింది. పుట్టిల్లు సండూరు పక్క తండా. బళ్ళారి దాటితే సండూరు, కర్ణాటక. సండూరు లంబాణీ కుట్టుకు జీఐ (భౌగోళిక) గుర్తింపు ఉంది. 2023లో జీ20 మీటింగు హంపిలో జరిగినప్పుడు 450 మందికి పైగా లంబాణీ ఆడవాళ్ళు కుట్టిన 1,755 వస్తువులు ఒక్కచోట పెట్టి గిన్నిస్ రికార్డు కొట్టారు. తమ్ముడి భార్య కుట్టింది కూడా అందులో ఉందని యాడి చెప్పుకుంటుంది. కానీ ఆమె గొప్పగా చెప్పేది ఇంకోటి ఉంది. "మా తమ్ముడి పిల్లలు ఎస్సీ, నా పిల్లలు ఎస్టీ" అని. కర్ణాటకలో మావాళ్ళు ఎస్సీ జాబితాలో ఉన్నారు. ఆంధ్రలో ఎస్టీ. మహారాష్ట్ర పోతే విముక్త జాతి. తెలంగాణలో 1976 దాకా ఎస్టీ కాదు, ఆ తర్వాత అయ్యారు. ఇక్కడ సుగాలి, అక్కడ లంబాణీ, ఇంకో చోట బంజారా. మాలో మేం గోర్. పేరు ఏదైనా ఇంట్లో అడిగేది బాటి తిన్నావా అనే. మా పాప ఇది విని "మరి మామయ్యోళ్ళు రైల్లో వస్తుంటే ఎక్కడ మారతారు?" అని అడిగింది. యాడి సూది ఆపి ఆలోచించి, "గుంతకల్లు జంక్షన్లో" అంది. మా ఊళ్ళో అన్ని రైళ్ళూ మారేది అక్కడే కదా.

రేటు: ఫేటియా, కాంచళి, టుక్రీ కలిపి 8,500. పిల్ల సైజుకి. పెద్దవాళ్ళకైతే 14,000 నుంచి చెప్పింది. అడ్వాన్సు 3,000. గవ్వలు, ఊలు బంతులు అందులోనే. బిల్లు ఇవ్వదు. ఫోన్‌పే డబ్బు మనవడికి పోతుంది, వాడు రీఛార్జి చేసుకుంటాడని ఆమెకు అనుమానం, కాబట్టి క్యాష్ ఇస్తే సంతోషిస్తుంది. బేరం ఆడొచ్చు. నేను తెలుగులో ఆడితే ఒక్క రూపాయి తగ్గలేదు, మా మాటలో ఆడితే 300 తగ్గింది. ఇది అందరికీ పనిచేస్తుందని గ్యారంటీ లేదు. మొన్న ఒక కాలేజీ అమ్మాయి, మావాళ్ళు కాదు, డాన్సు కోసం వచ్చింది. ఆ అమ్మాయికీ అదే ఓపికతో కుట్టిపెట్టింది. టోప్లీ పాఠం ఆ అమ్మాయికీ తప్పలేదు.

15న సేవాగఢ్ పోయాం. గుత్తి మండలం చెర్లోపల్లి దగ్గర. మా గురువు సేవాలాల్ మహరాజ్ పుట్టిన చోటు అది. 1739 ఫిబ్రవరి 15 అని మావాళ్ళు చెప్పుకుంటారు. ఆ రోజు కర్ణాటక, మహారాష్ట్ర నుంచి కూడా జనం లారీల్లో దిగుతారు. ఎండ. దుమ్ము. పాప రెండు గంటలు బాగానే నడిచింది, తర్వాత మొదలుపెట్టింది బరువు బరువు అని. బరువే మరి. ఇంటి పక్క కిరాణా కొట్టు తక్కెడలో తూయిస్తే మూడు కిలోల రెండొందల గ్రాములు. బడి బ్యాగు కన్నా తక్కువేలే అన్నాను.

నీళ్ళ ట్యాంకు దగ్గర నిలబడి ఉంటే మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నేరుగా పాప దగ్గరకు వచ్చింది. మొహం చూడలేదు, ముందరి పని కూడా చూడలేదు. వంగి ఫేటియా అంచు పట్టుకుని తిరగేసింది. లోపలివైపు దారం ముళ్ళు ఎట్లా ఉన్నాయో వేలితో తడిమింది. వెనకవైపు కూడా ముందువైపు లాగే శుభ్రంగా ఉంది. అప్పుడు లేచి, ఎవరు కుట్టారని పాపను అడిగింది. ఆవిడ మాటలో మరాఠీ కలిసింది, మా మాటలో తెలుగు కలుస్తుంది. నాకే కొంచెం తట్టుకున్నట్టయింది. పాప మాత్రం "గుంతకల్ యాడి" అంది. ఆ తర్వాత ఇద్దరూ ఏదో లెక్క మాట్లాడుకున్నారు. వేళ్ళు చూపిస్తూ "ఏక్, ది" అని పాప అంటుంటే వినిపించింది. రేటు చెప్పేసిందేమోనని నాకు అనుమానం. 300 తగ్గిన సంగతి మాత్రం చెప్పకుంటే బాగుండు.

లోపాలు కూడా రాయాలి. ఎరుపు గుడ్డ రంగు వదులుతుంది. నేను తెలియక సబ్బునీళ్ళలో ముంచితే తెల్లదారం కింద వరస రోజారంగు తిరిగింది. ముందే చెప్పాలి కదా అంటే, "ఫేటియాని ఎవరైనా ఉతుకుతారా?" అని నన్నే తిరిగి అడిగింది. ఎండలో వేసి దులపడమేనట. కాంచళి చంకల దగ్గర బిగువు, ఒక వేలెడు వదులు చేయించుకున్నాం, దానికి డబ్బు తీసుకోలేదు. అద్దాలు నిజం గాజు, ప్లాస్టిక్ కాదు, కాబట్టి అంచు ఒక్కోసారి గీరుకుంటుంది. చిన్నపిల్లలున్న ఇళ్ళవాళ్ళు చూసుకోండి. ట్రయల్ వేసుకోవడానికి చోటు లేదు, సైకిలు పక్కకు జరిపి చీర అడ్డం పట్టుకోవాలి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పడుకుంటుంది, తలుపు కొట్టినా లేవదు. పొద్దున్నే పోతే పక్కనే ఉగ్గాని, బజ్జీ తినిపోవచ్చు. బజ్జీ బాగుంటుంది.

అద్దాలు ఊడటం గురించి ఆమెకు ముందే తెలుసు. 13 రాత్రి బట్టల మూట కట్టేటప్పుడు ఒక అగ్గిపెట్టె అందులో వేసింది. అగ్గిపుల్లలేమో అనుకుని ఇంటికొచ్చి తెరిస్తే, దూది మధ్య ఆరు అద్దాలు, నీలందారం చుట్టిన సూది. సేవాగఢ్ నుంచి తిరిగొచ్చే బస్సులో రెండు అద్దాలు ఊడాయి. ఒకటి పాప కుట్టింది, పద్దెనిమిది నిమిషాలు పట్టింది, కొంచెం వంకరగా ఉంది. రెండోది నన్ను కుట్టమంది. నాకు రాలేదు. వచ్చే ఆదివారం పోతున్నాం.